శంకుస్థాపనకు ముందు లెక్క చూపవలయును

రోడ్డు వలదని చెప్పు వెఱ్ఱివాడు మన దేశమున లేడు. బాటలు వేయించుట, బాటల కిరుగడల చెట్లు నాటించుట, సత్రములు కట్టించుట ధర్మకార్యములని పూర్వపు ప్రభువులు శిలాశాసనములందు చెక్కించుకొనిరి. వారు తమ బొక్కసము నుండి బాట వేయించి ప్రజల కృతజ్ఞతను కోరిరి. నేటి ప్రభుత్వములు ప్రజల బొక్కసము నుండి బాట వేయించి అదే కృతజ్ఞతను కోరుచున్నవి. ఈ రెంటికిని గల భేదమును పాలకులు మఱచుటలో వింత లేదు. పాలితులును మఱచుటయే విచారకరము. సొమ్ము మనది. నేల మనది. వ్యయము పెరిగినచో తీర్పవలసిన ఋణము మనది. కావున లెక్కయు మనదే. ఆ లెక్క పని ముగిసిన పిమ్మట గాక, మొదటి రాయి పాతుటకు మున్నే మన యెదుట నుంచవలయును. మేము చెప్పదలచిన మాట యింతమాత్రమే.

చిలకలగూడ చౌరస్తాలో నిలుచున్నవానికి ఇది దూరదేశపు సమస్య కాదు. అతనికి పడమటి దిక్కున ప్యారడైజు కూడలి యున్నది. ఆ కూడలి నుండి బయలుదేరు రెండు మహామార్గములకు 2024 మార్చి 7వ తేదీన ఒకటి, 9వ తేదీన ఒకటిగా శంకుస్థాపనలు జరిగెను. మొదటిది కార్ఖానా, తిరుమలగిరి, అల్వాలు ప్రాంతముల మీదుగా శామీరుపేట యొద్ద ఔటరు రింగు రోడ్డును చేరును. దాని పొడవు సుమారు 18 కిలోమీటర్లు. నాడు ప్రకటించిన వ్యయము 2,232 కోట్ల రూపాయలు. రెండవది బోయినపల్లి మీదుగా డెయిరీ ఫారము రోడ్డు వఱకు పోవును. దాని పొడవు 5.3 కిలోమీటర్లు, ప్రకటించిన వ్యయము 1,580 కోట్లు. చిన్న పిల్లవాడు సైతము భాగహారము చేసి చూడగలడు. మొదటిది కిలోమీటరునకు ఇంచుమించు 123 కోట్లు. రెండవది కిలోమీటరునకు ఇంచుమించు 298 కోట్లు. ఒకే కూడలి నుండి, ఒకే వారమున, ఒకే ప్రభుత్వము తలపెట్టిన రెండు పనులలో నొకదానికి మఱియొకదానికంటె రెండు రెట్లకు మించి వ్యయమేల?

ఇందులో మోసమున్నదని మేమనుట లేదు. కారణములుండవచ్చును. మొదటి దారిలో కొంతభాగము నేలమీదనే నడచును; రెండవదానికి బేగంపేట విమానాశ్రయపు సమీపమున సొరంగము త్రవ్వవలసియున్నది; సేకరింపవలసిన భూముల వెలలును సమానములు గావు. అయితే భూమి కెంత, స్తంభముల కెంత, సొరంగమున కెంత, తీసివేయవలసిన నీటిగొట్టములకును విద్యుత్తు తీగలకును ఎంత, వడ్డీ కెంత అను విభజనను ప్రకటించి, ఆ కారణములను వివరించు భారము ప్రభుత్వముదే గాని పౌరునిది గాదు. సభలో పలికిన మొత్తము వేఱు, లెక్క వేఱు. మొత్తము వినిపించి లెక్క చూపినట్లు నటించుట మన పాలనలో చిరకాలపు అలవాటు.

ఈ దారులలో హెచ్చుభాగము కంటోన్మెంటు నేలమీదుగా సాగును. రక్షణశాఖవారి భూముల కొఱకు రాష్ట్రప్రభుత్వములు ఏండ్ల తరబడి అర్జీలు పెట్టుకొనిన పిమ్మట, 2024 మార్చిలో అనుమతి లభించెను. మంచిదే. కాని ఆ నేలమీద నివసించు ప్రజల పక్షమున ఆనాడు మాటాడుటకు ఎవ్వరుండిరి? సికింద్రాబాదు కంటోన్మెంటున ఎన్నికైన బోర్డు గడువు 2020లో తీఱి, పొడిగింపులతో 2021 ఫిబ్రవరి వఱకు సాగి ముగిసెను. 2023 ఏప్రిలున జరుగవలసియుండిన ఎన్నికలను ప్రకటించి, మరల ఉపసంహరించిరి. శంకుస్థాపన నాటికి అచ్చట ఎన్నికైన బోర్డే లేదు. రాచబాటకై 200 అడుగుల వెడల్పు కావలయునని యధికారులును, అంత వెడల్పేల, 100 అడుగులు చాలునని ఇండ్ల యజమానులును వాదించుచుండగా, ఆ వాదమును విని తూచి చెప్పుటకు ప్రజలెన్నుకొన్న సభ లేకపోయెను. ఆ 100 అడుగుల భేదములో ఎన్ని దుకాణములు, ఎన్ని కాపురములు ఇమిడియున్నవో కార్ఖానా బజారులో నడచినవా రెఱుగుదురు. తన యింటి గోడమీద ఎఱ్ఱగీత పడినప్పుడు గాని గృహస్థునకు రోడ్డు పథకము తెలియకపోవుట స్వపరిపాలన యనిపించుకొనదు.

చట్టము లేదందురా? ఉన్నది. 2013 నాటి భూసేకరణ చట్టము, భూమిని తీసికొనుటకు పూర్వము ఆ పనివలన ప్రజాజీవనమునకు గలుగు మేలుకీడులను విచారింపవలయుననియు, బాధితుల సమక్షమున బహిరంగ విచారణ జరుపవలయుననియు విధించెను. బ్రిటిషువారి 1894 నాటి చట్టమునకు బదులుగా స్వతంత్ర భారతము తెచ్చుకొన్న చట్టమిది. దానిలోని ప్రాణము ఆ విచారణయే. తెలంగాణ శాసనసభ చేసిన సవరణచట్టము 2017లో ఆమోదము పొంది, మౌలిక సదుపాయములు మొదలగు పనులను ఆ అధ్యాయము నుండి మినహాయించు అధికారమును ప్రభుత్వమునకు గట్టబెట్టెను. అనగా విచారణ యెవరి పనిమీద జరుగవలయునో వారి చేతికే విచారణ వలదను తాళపుచెవిని ఇచ్చిరి. దొంగను పట్టుటకు కుక్కను పెంచి, దాని గొలుసును ఆ దొంగకే యప్పగించుట యెట్టిదో యిదియు నట్టిదే. ఆ సవరణను చేసినది ఒక పక్షము. తరువాత అధికారమునకు వచ్చిన పక్షము దానిని తన చేతి సాధనముగా నుంచుకొనెను. అధికారపీఠము మీద కూర్చున్నవారికి రహస్యమంత రుచించునది మఱియొకటి లేదు.

"ఇన్ని విచారణలు, ఇన్ని ప్రకటనలు జరిపినచో పని ఆలస్యమగును" అని అధికారులు చెప్పుదురు. ఈ వాదమునకు సమాధానము చిలకలగూడకు తూర్పున, తార్నాక దాటి ఉప్పలుకు పోయినచో కండ్లకు గట్టును. ఉప్పలు నుండి నారపల్లి వఱకు ఆఱు కిలోమీటర్ల పైచిల్లర పొడవు గల వంతెన దారికి 2018లో శంకుస్థాపన చేసిరి, 2020లో ముగింతుమనిరి. 2024వ సంవత్సరము గడచినను అది ముగియలేదు. ఏండ్ల తరబడి స్తంభములు మొండిచేతులవలె నిలిచియుండగా, క్రింది బాట గుంతలమయమై, వానకు బురదగను ఎండకు దుమ్ముగను మాఱి, వరంగల్లు దారిని పోవు బస్సులను, ద్విచక్ర వాహనములను, పాదచారులను వేధించెను. ఆ పనికి ప్రజావిచారణలు అడ్డుపడెనా? లేదు. కంట్రాక్టరు శక్తి యేపాటిదో, కావలసిన భూమి చేతికి వచ్చినదో లేదో మొదటనే ప్రజల యెదుట పరీక్షింపబడియుండినచో ఇంత ఆలస్యము జరిగియుండెడిది కాదు. విచారణకై మూడు మాసములు వెచ్చింప నొల్లనివారు నిర్లక్ష్యమునకై సంవత్సరములు వెచ్చించిరి. తొందరపాటు వేఱు, త్వరితము వేఱు.

"ఇవి నిపుణులకు చెందిన విషయములు, సామాన్యునకేమి తెలియును?" అనునది రెండవ వాదము. ఇల్లు కట్టించుకొను గృహస్థు తాను మేస్త్రీ కాడు. అయినను ఇటుకలెన్ని, సిమెంటెంత, మెట్లెక్కడ అని అడుగుట మానడు. అడుగనివాని యింటికి మెట్లు వంకరగనే వచ్చును. హైదరాబాదు బయోడైవర్సిటీ కూడలిలోని పైవంతెన 2019 నవంబరు మొదటి వారమున ప్రారంభమయ్యెను. ఆ నెల 23వ తేదీన ఒక కారు వంతెన మీదినుండి క్రిందనున్న బాటపై బడగా, ఆ బాటను నిలుచున్న ఒక స్త్రీ మరణించెను. కారు మితిమీఱిన వేగముతో నడచినమాట నిజమే. కాని అటు పిమ్మట వంతెనను మూసి, నిపుణుల సంఘమును నియమించి, వేగమును తగ్గించు ఏర్పాటులు చేసి, 2020 జనవరిలో గాని మరల తెఱువలేదు. ఆ పరీక్ష ప్రారంభోత్సవమునకు ముందే జరిపి, దాని నివేదికను ప్రకటించిన నేమి నష్టము? అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల? ఈసారి కడుగవలసివచ్చినది అడుసు కాదు, రక్తము.

నిపుణులే ప్రశ్నించినను పాలకులు విన్నారా? మెట్రో రైలు పథకము రోడ్డు కాకపోయినను, ఈ సందర్భమున దాని చరిత్ర స్మరింపదగినది. 2008లో మేటాసు సంస్థ, ప్రభుత్వము నుండి సాయము కోరుటకు మాఱుగా తానే ప్రభుత్వమునకు 30,311 కోట్లు చెల్లింతునని పందెము పాడి హైదరాబాదు మెట్రో పనిని గెలుచుకొనెను. ఢిల్లీ మెట్రోను నిర్మించిన శ్రీధరనుగారు ఈ లెక్క పొసగదనియు, దీని మూలము భూములలో నున్నదనియు హెచ్చరించిరి. నాటి రాష్ట్రప్రభుత్వమువారు ఆ లెక్కను మరల చూచుకొనుటకు బదులు, ఆ మాట చెప్పిన వృద్ధ ఇంజనీరును పరువునష్టపు దావాతో బెదరించిరి. 2009 జనవరిలో సత్యము సంస్థ కుప్పకూలెను. దానితోడిదైన మేటాసు తన మాట నిలుపుకొనలేక పోయెను. ఆ యేటనే ఒప్పందము రద్దయ్యెను. లెక్క అడిగినవాడు శత్రువనుకొనిన ప్రభుత్వమునకు లెక్కయే శత్రువై నిలిచెను.

ఇక ఔటరు రింగు రోడ్డు. 158 కిలోమీటర్ల పొడవున, ఎనిమిది వరుసలతో, జపానువారి ఋణసహాయముతో గూడ నిర్మితమైన ఈ మార్గపు మొదటి భాగము 2008లో తెఱువబడెను. దాని దారిని ఎవరి పొలములు తప్పించుటకు ఎటు త్రిప్పిరను ఆరోపణలు నాడే చెలరేగెను. అవి చల్లారిన పిమ్మట, 2023 ఏప్రిలులో ఈ మార్గపు సుంకమును 30 సంవత్సరముల పాటు వసూలు చేసికొను హక్కును ఐ.ఆర్.బి. సంస్థకు 7,380 కోట్లకు నాటి ప్రభుత్వము గుత్తకిచ్చెను. భాగించినచో సంవత్సరమునకు 246 కోట్లు. ముందుగా చేతబడు సొమ్మునకు వడ్డీ విలువ గలదు గనుక, ఈ భాగహారము ఒక్కటియే తీర్పు కాజాలదని మేమెఱుగుదుము. మఱి తీర్పునకు వలసిన కాగితములు ప్రజల చేతికి వచ్చినవా? ముప్పది యేండ్లలో రాగల వాహనములెన్ని, సుంకమెంత, ప్రభుత్వము తనలో తాను వేసికొన్న కనీస విలువ యెంత అను ప్రశ్నలు పత్రికలయందు మ్రోగెను. నాడు ప్రతిపక్ష నాయకుడైన రేవంతురెడ్డిగారు ఈ గుత్తను గొప్ప కుంభకోణమనిరి. సమాచారహక్కు క్రింద వివరములడిగి, అవి రాలేదని ఉన్నతన్యాయస్థానపు మెట్లెక్కిరి. 2023 డిసెంబరులో వారే ముఖ్యమంత్రి యైరి. 2024 డిసెంబరులో ఆ గుత్తపై ప్రత్యేక విచారణ జరిపింతుమని శాసనసభలో ప్రకటించిరి.

పూర్వప్రభుత్వపు లెక్కను విప్పుట న్యాయమే. కాని ఆ న్యాయము తనకును వర్తింపవలయును గదా! ప్రతిపక్షమున నున్ననాడు సమాచారహక్కును ఆశ్రయించినవారు, అధికారమున నున్ననాడు ప్యారడైజు దారుల పూర్తి నివేదికను తెలుగున అచ్చొత్తించి, ప్రతి వార్డు కార్యాలయమునందు ఎవరును అడుగకమున్నే ఉంచవలసియుండెను. లెక్క యనునది ఎదుటి పక్షముపై విసరు రాయిగా మాత్రమే మిగిలినంత కాలము, పాలకులు మాఱుదురు గాని రహస్యము మాఱదు. కనుకనే ఈ విచారణ పక్షముల చేతిలో గాక పౌరుల చేతిలో నుండవలయునని మా వాదము.

ఆడిటరు జనరలు లేరా యని యడుగవచ్చును. ఉన్నారు, వారి పని శ్లాఘనీయము. 2017లో కేంద్రము భారతమాల పథకమున 34,800 కిలోమీటర్ల రోడ్లకు 5,35,000 కోట్లు ఆమోదించెను. అనగా కిలోమీటరునకు 15.37 కోట్లు. 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకు వచ్చిన ఆడిటు నివేదిక ప్రకారము మంజూరైన పనులలో అది కిలోమీటరునకు 32.17 కోట్లకు పెరిగెను. ఢిల్లీ యొద్ద ద్వారకా మార్గమునకు ఆమోదము కిలోమీటరునకు 18.20 కోట్లు కాగా, మంజూరు 250.77 కోట్లయ్యెను. ఇది నేలబాట కాదు, ఎనిమిది వరుసల పైదారి, సొరంగములు గలది, కావున పోలిక తగదని మంత్రిత్వశాఖవారు బదులు చెప్పిరి. ఆ బదులు సరియైనదే కావచ్చును. కాని నేలబాట పైబాటగా మాఱిన దినమున ఆ మార్పును, దాని వెలను దేశమున కెవరు చెప్పిరి? ఆడిటు వచ్చునప్పటికి స్తంభములు లేచియుండును, బిల్లులు చెల్లియుండును. అది శవపరీక్షవంటిది, మరణకారణము తెలియునేగాని రోగి లేవడు. మాకు వలసినది నాడిపరీక్ష.

ఇది మన దేశపు దోషము మాత్రమే కాదు. డెన్మార్కు దేశపు పండితుడు ఫ్లూబ్యెర్గు, తన సహచరులతో గూడి, వివిధ దేశములలోని 258 రవాణా పనులను పరిశోధించి 2002లో ప్రకటించిన ఫలితము గమనింపదగినది. పదింట తొమ్మిది పనులకు మొదటి అంచనా నిజవ్యయము కంటె తక్కువగా నుండెను. సగటున నూటికి 28 వంతులు వ్యయము మించెను. రోడ్లకు 20 వంతులు. పొరపాటైనచో కొన్ని ఎక్కువగను కొన్ని తక్కువగను ఉండవలయును. ఎల్లప్పుడును ఒక ప్రక్కకే ఒరుగు తప్పును పొరపాటని పిలుచుట కష్టము. ఆరంభమున తక్కువ చెప్పినచో అనుమతి లభించును. సగము కట్టిన పిమ్మట విడువలేక ప్రజలే మిగిలినది చెల్లింతురు.

వ్యయమొక యెత్తు, ప్రయోజనమొక యెత్తు. కొత్తదారులు వేసినకొలది కొత్త వాహనములు వచ్చి వాని నింపునని 1994లో బ్రిటనులోని ప్రభుత్వ సలహాసంఘమే తేల్చి చెప్పెను. లండను నగరము చుట్టును, నడుమను వలయమార్గములు వేయు పథకమును, వేలకొలది యిండ్లు కూలునని పౌరులు ఎదిరించి, 1973 నగర ఎన్నికలలో అదియే ప్రశ్నగా నిలిపి విరమింపజేసిరి. మన నగరమున ఏ వంతెనయైన ఓటరుల యెదుట ప్రశ్నగా నిలిచినదా? నిలువదు, ఏలన అది వారి యెదుటికి పటముగా రాక, ప్రారంభోత్సవపు పందిరిగా వచ్చును.

చిలకలగూడ నుండి సికింద్రాబాదు స్టేషనుకు నడచిపోవు కూలివాని మాట యెవరి అంచనాలో నున్నది? సీతాఫలమండి నుండి, మెట్టుగూడ నుండి, వారాసిగూడ నుండి బస్సుకై నిలుచు ఆడపడుచుల మాట యెవరి పటములో నున్నది? 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణమున స్త్రీలకు బస్సు ప్రయాణము ఉచితమయ్యెను; బస్సులు క్రిక్కిఱిసి నడచుచున్నవి. 1,580 కోట్లతో ఐదు కిలోమీటర్ల పైదారి వేయుట మేలా, ఆ సొమ్ములో కొంత బస్సులకును, కాలిబాటలకును, రైలుపట్టాల క్రింది ఇఱుకు దారుల విస్తరణకును వెచ్చించుట మేలా? పైదారియే మేలని తేలవచ్చును. కాని రెండు మార్గములను ప్రక్కప్రక్కన బెట్టి తూచిన త్రాసును ప్రజలు చూడవలదా?

నగరము దాటి చూచిన, రీజనలు రింగు రోడ్డు తమ భూములగుండా వలదని మొఱపెట్టిన రాయగిరి రైతులను 2023 జూనులో చేతులకు సంకెళ్లు వేసి న్యాయస్థానమునకు గొనివచ్చిరి. దారి యేల ఇటు వచ్చినదని యడిగిన రైతునకు పటము చూపవలసిన ప్రభుత్వము సంకెలను చూపెను. స్వరాజ్యమునకై సంకెళ్లు తొడిగించుకొన్న తరము, స్వరాజ్యమున తమ మనుమలకు ఈ భూషణము మిగులునని తలంచియుండరు.

మా కోరిక లివి. టెండరు పిలుచుటకు కనీసము అఱువది దినములకు పూర్వము సంపూర్ణ నివేదికను తెలుగున ప్రకటింపవలయును. అందు వాహనముల లెక్కయు, విడిచిపెట్టిన ఇతర మార్గములును, విడిచిన కారణములును ఉండవలయును. దారి మాఱిన ప్రతి సారియు పాతపటము, కొత్తపటము ప్రక్కప్రక్కన ముద్రించి, మార్పునకు సంతకము చేసిన అధికారి హోదాను కారణముతో గూడ తెలుపవలయును. బాధిత ప్రాంతముననే బహిరంగ విచారణ జరుపవలయును; దానిని మినహాయించు అధికారమును చట్టము నుండి తొలగింపవలయును. వ్యయము పెరిగినచో మూడు మాసముల కొకసారి ప్రకటింపవలయును. వంతెన తెఱచుటకు పూర్వమే భద్రతాపరీక్ష నివేదిక వెలువడవలయును. సుంకపు గుత్తలలో కనీస విలువను పాటలు విప్పువఱకు మూసియుంచుట న్యాయమే. విప్పిన గడియలోనే దానిని వెల్లడింపవలయును.

ఇందు కొత్త కోరిక లేదు. ప్రజలను బాధించు నిర్ణయములకు సంబంధించిన సమస్త విషయములను, ఎవ్వరును అడుగకయే, స్థానిక భాషను దృష్టియం దుంచుకొని ప్రకటింపవలయునని 2005 నాటి సమాచారహక్కు చట్టపు నాల్గవ విభాగమే విధించుచున్నది. వ్యాపార రహస్యమను సాకునకు సైతము అదే చట్టము ప్రజాప్రయోజనమను మినహాయింపును గల్పించెను. చట్టము నిదురించుట లేదు. దానిని లేపవలసిన మనము నిదురించుచున్నాము.

కావున చిలకలగూడ పౌరులారా, కార్ఖానా వర్తకులారా, రాయగిరి రైతులారా! ప్రభుత్వము మీ గుమ్మమునకు లెక్క తెచ్చునని కాచియుండకుడు. పదిరూపాయల రుసుముతో ఒక్క దరఖాస్తు వ్రాయుడు. మీ వీధిగుండా పోవు దారి కెంత, ఏల, ఎవరి నిర్ణయముతో అని యడుగుడు. మొదటి దరఖాస్తునకు బదులు రాకున్న అప్పీలు చేయుడు. పదిమంది యడిగిన అధికారి విసుగుకొనును. వేయిమంది యడిగిన పటము బల్లమీదికి వచ్చును. లక్షమంది యడిగిన లెక్క లేని శంకుస్థాపనకు మంత్రి రాడు.